ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డును మీ వేళ్లకు తగ్గట్టు మార్చుకోవడం ఎలా?

"ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకున్నాను, వేగం కూడా వచ్చింది. కానీ రెండు మూడు కీల దగ్గర వేలు ప్రతిసారీ ఆగిపోతోంది. వాటిని మార్చుకునే వీలుందా?" తెలుగు టైపింగ్ గురించి నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది అడిగేది ఇదే. వీలుంది. ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. ఓపిగ్గా కూర్చుంటే ఒక మధ్యాహ్నం పని. ఇన్‌స్క్రిప్ట్ అంటే భారతీయ భాషలకు ప్రామాణికంగా పెట్టిన కీబోర్డు లేఅవుట్, అంటే ఏ కీ మీద ఏ అక్షరం ఉండాలన్న అమరిక.

ముందే ఒక మాట. లేఅవుట్ మొత్తాన్ని కొత్తగా కట్టాలని చాలామందికి ఉత్సాహం పుడుతుంది. దయచేసి అది వద్దు. ఇన్‌స్క్రిప్ట్‌లో అచ్చులూ గుణింతాలూ ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి వస్తాయి. రెండు చేతులూ మార్చి మార్చి పనిచేసే ఈ ఏర్పాటు చాలా మంచిది. దాన్ని అలాగే ఉంచి, మీ వేలు తడబడే చోట మాత్రమే చెయ్యి పెట్టండి. ఐదారు మార్పులతో వచ్చే సుఖం యాభై మార్పులతో రాదు, అలవాటు పడటం కూడా తేలిక.

కింద చెప్పేదంతా విండోస్ 10, 11 కోసం. మ్యాక్, లినక్స్ సంగతి చివర్లో చెప్తాను. ఇంగ్లీషు అక్షరాలతో "amma" అని కొడితే "అమ్మ" రావాలనుకునే ఆర్‌టీఎస్ పద్ధతి వాళ్లకు మాత్రం ఈ దారి పనికిరాదు. ఇక్కడ ఒక కీ నొక్కితే దానికి కేటాయించిన అక్షరమే వస్తుంది, ముందు ఏం కొట్టారో అది చూడదు. మీకు కావలసింది కీమ్యాన్ డెవలపర్ అనే మరో కీబోర్డు తయారీ సాఫ్ట్‌వేర్. అదీ ఉచితమే.

కావలసినవి

మైక్రోసాఫ్ట్ కీబోర్డ్ లేఅవుట్ క్రియేటర్, వెర్షన్ 1.4. మైక్రోసాఫ్ట్ సైట్‌లోనే దొరుకుతుంది, వేరేచోట నుంచి దించుకోవద్దు. పాత సాఫ్ట్‌వేర్ కాబట్టి డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 3.5 అడుగుతుంది. కంట్రోల్ ప్యానెల్‌లో "విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్" దగ్గర టిక్ పెడితే వస్తుంది.

నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అనే ఎడిటర్, ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్క కోసం. మీరు రాసిన తెలుగు, కనీసం ఐదారు పేజీలు. ఒక కాగితం, పెన్సిల్. కంప్యూటర్‌లో అడ్మిన్ హక్కులు కూడా ఉండాలి. ఆఫీసు కంప్యూటర్ అయితే ముందే అడిగి పెట్టుకోండి.

ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న కొత్తరకం విండోస్ ల్యాప్‌టాప్ మీదైతే ఇక్కడే ఆగండి. ఈ పరికరం తయారుచేసే ఫైళ్లలో ఆర్మ్‌కి పనికొచ్చేది ఉండదు. మీరూ కీమ్యాన్ వైపే వెళ్లాలి.

1. ముందు లెక్క చూడండి

ఏ కీ ఇబ్బంది పెడుతోందో మనకు తెలుసనుకుంటాం. తీరా లెక్కపెడితే వేరేది బయటపడుతుంది. మీ రాతను నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో అతికించి, కంట్రోల్, ఎఫ్ నొక్కి, వెతికే పెట్టెలో ఒక్కో గుర్తు కొట్టి "కౌంట్" బటన్ నొక్కండి. ం, ్, ొ, ్న, ్ల, ్త, ్ప, ్క, ్ట, ్ద, ్వ, ్య ఎన్నెన్ని ఉన్నాయో కాగితం మీద వేసుకోండి.

ఇక్కడ మీ మీ రాతే ముఖ్యం. వార్తలు రాసేవాళ్లకు "రాష్ట్ర", "మంత్రి" మాటిమాటికీ వస్తాయి. కథలు రాసేవాళ్లకు "అన్నాడు", "ఉన్నాయి", "చెప్పింది" వస్తాయి. సాఫ్ట్‌వేర్ గురించి రాసేవాళ్లకు పొల్లుతో ముగిసే ఇంగ్లీషు మాటలు ఎక్కువ. వేరేవాళ్లు చేసుకున్న లేఅవుట్ దించుకుంటే కుదరకపోవడానికి కారణం ఇదే.

లెక్క అయ్యాక పది నిమిషాలు మామూలుగా టైపు చేస్తూ, కీబోర్డు వైపు ఎప్పుడెప్పుడు చూస్తున్నారో గమనించండి. చూసిన ప్రతిసారీ ఆ కీ పక్కన ఒక గీత. ఎక్కువసార్లు వచ్చేదీ, ఎక్కువసార్లు చూడాల్సి వచ్చేదీ ఒకటే అయితే మార్చాల్సింది దాన్నే.

2. మార్పులు కాగితం మీద తేల్చుకోండి

ఈ అడుగు మీద ఎక్కువ సమయం పెట్టండి, మిగతావన్నీ ఊరికే క్లిక్కులు. నేను అందరికీ ముందుగా చెప్పే మార్పులు ఇవి.

వత్తులు. "అన్న" అని కొట్టాలంటే అ తర్వాత న, పొల్లు, న. అంటే న్న కోసం మూడు నొక్కుళ్లు: వి, డి, వి. ఒకే వేలు కిందికీ పైకీ తిరగాలి, లేదా మధ్యవేలు కలగజేసుకోవాలి. ఇన్‌స్క్రిప్ట్‌లో న ఉన్న వి కీకి, వ ఉన్న బి కీకి షిఫ్ట్ స్థానం తెలుగులో ఖాళీ. షిఫ్ట్, వి దగ్గర "్న" పెట్టేయండి. ఇక న్న రావడానికి వి, తర్వాత షిఫ్ట్‌తో వి. రెండే. "ఉన్నాయి", "చిన్న", "నిన్న", "ఎన్ని", అన్నీ తేలికవుతాయి. అలాగే షిఫ్ట్, బి దగ్గర "్వ" పెడితే "నవ్వు", "స్వరం" సులువు.

ఇన్‌స్క్రిప్ట్‌లో ఈ పద్ధతి ఇప్పటికే ఉంది. షిఫ్ట్, 3 నొక్కితే ్ర వస్తుంది, షిఫ్ట్, 7 నొక్కితే క్ష వస్తుంది. మనం దాన్నే కొనసాగిస్తున్నాం.

మిగతా వత్తులకు కుడి ఆల్ట్ వాడుకోవాలి. ఇక్కడ చాలామంది తొందరపడి కుడి ఆల్ట్, కె దగ్గర ్క, కుడి ఆల్ట్, ఎల్ దగ్గర ్త పెడతారు. గుర్తుపెట్టుకోవడానికి బాగుంటుంది, కొట్టడానికి బాగుండదు. కుడి ఆల్ట్‌ను కుడి బొటనవేలితో పట్టుకుని అదే చేతి వేళ్లతో ఆ కీలను అందుకోవాలి, గంటసేపు రాస్తే మణికట్టు పట్టేస్తుంది. నా సలహా: వాటిని ఎడమచేతి వైపు అద్దంలో ప్రతిబింబంలా పెట్టండి. కుడివైపు ఎల్ మీద త ఉంది, ఎడమవైపు అదే వేలికి ఎస్ వస్తుంది. కాబట్టి కుడి ఆల్ట్, ఎస్ అంటే ్త. కె మీద క ఉంది, ఎడమవైపు డి, కాబట్టి ్క అక్కడ. హెచ్ మీద ప ఉంది, ఎడమవైపు జి, ్ప అక్కడ. ఎన్ మీది ల కోసం బి దగ్గర ్ల. హల్లు కుడిచేత్తో, దాని వత్తు ఎడమచేతి అదే వేలితో పడుతుంది. మొదట ఈ నాలుగే పెట్టుకోండి.

ఒ గుణింతం. ఇన్‌స్క్రిప్ట్‌లో ొ ఎడమ చివర, 1 అంకె పక్కన, ట్యాబ్ పైన ఉంటుంది. చిటికెన వేలు చాచాలి. "కొత్త", "పొద్దు", "మొదలు" వంటి మాటలు తక్కువేం కాదు. ఇంగ్లీషు ఏ (A) కీ మీద ో ఉంది కనుక కుడి ఆల్ట్, ఏ (A) దగ్గర ొ పెట్టండి. దీర్ఘమూ హ్రస్వమూ ఒకేచోట ఉంటే మరిచిపోరు.

కనబడని అక్షరం. "హైదరాబాద్‌లో" అని రాయబోతే "హైదరాబాద్లో" అని వచ్చిన బాధ తెలుగు టైపు చేసే ప్రతివాళ్లకూ తెలుసు. పొల్లు తర్వాత వచ్చే హల్లు వత్తుగా మారకుండా ఆపేది జీరో విడ్త్ నాన్‌జాయినర్. "ఫేస్‌బుక్", "సాఫ్ట్‌వేర్", "రోడ్‌మీద", ఇవన్నీ దానితోనే సరిగ్గా వస్తాయి. దీన్ని సులువుగా అందేచోట పెట్టుకోవడం ఒక్కటి చేసినా మీ శ్రమ వృథా కాదు. పర్షియన్ ప్రామాణిక లేఅవుట్‌లో ఇది షిఫ్ట్, స్పేస్ దగ్గర ఉంటుంది, అది చూసి మనవాళ్లూ కొందరు అక్కడే పెడతారు. నేను వద్దంటాను. ప్రశ్నార్థకం షిఫ్ట్‌తో కొట్టి, షిఫ్ట్ పూర్తిగా వదలకముందే స్పేస్ నొక్కడం అందరికీ ఉండేదే. అప్పుడు ఖాళీ రాకుండా కనబడని అక్షరం పడి రెండు మాటలు అతుక్కుపోతాయి. కుడి ఆల్ట్, స్పేస్ దగ్గర పెట్టండి. కుడి బొటనవేలు ఆల్ట్ మీద, ఎడమ బొటనవేలు స్పేస్ మీద.

సున్న. ం ఎక్స్ కీ మీద, ఉంగరపు వేలికి వస్తుంది. దీన్ని మార్చాలా వద్దా అన్నది మీ గీతల లెక్క చెప్పాలి. మార్చాలనిపిస్తే పాతచోటు నుంచి తీసేయకండి. ఒకే అక్షరాన్ని రెండు కీల మీద పెట్టడానికి ఏ అడ్డూ లేదు. ఖాళీగా ఉన్న కీ మీద రెండో ం పెట్టి, కొన్నాళ్లకు వేలు ఏవైపు వెళ్తోందో చూసి, అప్పుడు నిర్ణయించండి. ఏ కీ విషయంలోనైనా ఇదే మంచి పద్ధతి.

డి మీది పొల్లును మాత్రం కదపకండి. అంతకంటే మంచి చోటు దానికి లేదు.

ఆపిల్ లేఅవుట్‌తో డీటీపీ చేసినవాళ్లకు ఒక మాట. అక్షరాల చోట్లు మీకు అలవాటైనట్టు పెట్టుకోవచ్చు, వత్తుల కీలు పైన చెప్పినట్టు తయారవుతాయి. కానీ గుణింతం ముందు, వత్తు తర్వాత కొట్టే అలవాటు ఉంటే అది మానుకోవాల్సిందే. యూనికోడ్‌లో హల్లు, వత్తు, ఆ తర్వాతే గుణింతం. కొట్టిన వరుసను లేఅవుట్ సరిదిద్దలేదు.

3. పాత లేఅవుట్ తెరిచి, కొత్త పేరు పెట్టండి

క్రియేటర్ తెరిచి, ఫైల్ మెనూలో "లోడ్ ఎగ్జిస్టింగ్ కీబోర్డ్" నొక్కి జాబితాలో తెలుగు ఎంచుకోండి. ఇన్‌స్క్రిప్ట్ తెర మీదికి వస్తుంది. ఎడమవైపు షిఫ్ట్, ఆల్ట్ వంటి గడుల్లో టిక్ పెడుతూ ఏ స్థాయిలో ఏముందో, ఏది ఖాళీయో చూసుకోండి. కుడి ఆల్ట్ స్థాయిలో ఇప్పటికే ఏదైనా ఉంటే, అది మీకు అవసరమో కాదో అప్పుడే తేల్చుకోండి.

వెంటనే ప్రాజెక్ట్ మెనూలో "ప్రాపర్టీస్" తెరవండి. పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, ఎనిమిదికి మించకూడదు. చివర ఒక అంకె పెట్టండి, మళ్లీ మార్చినప్పుడు ఆ అంకె పెంచుకోవచ్చు. వివరణలో మీరు గుర్తుపట్టే మాట రాయండి, భాషల జాబితాలో కనిపించేది అదే. భాష తెలుగు అని ఉందో లేదో తప్పక చూడండి. ఇంగ్లీషు అని ఉంటే లేఅవుట్ ఇంగ్లీషు కిందికి పోతుంది, వర్డ్ మీ తెలుగును ఇంగ్లీషు అనుకుని ప్రతి మాట కిందా ఎర్రగీత గీస్తుంది.

ఇప్పుడు సేవ్ చేయండి. వచ్చే కేఎల్‌సీ ఫైలే మీ అసలు ఆస్తి. ఒక కాపీ మెయిల్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో దాచుకోండి.

4. కీలు నింపండి

బొమ్మలో కీ మీద నొక్కితే చిన్న పెట్టె వస్తుంది. అందులో "ఆల్" బటన్ నొక్కితే ఆ కీకి అన్ని స్థాయిలూ ఒకేచోట కనిపిస్తాయి. సరైన గడిలో అక్షరాలు కొట్టండి. ్న కావాలంటే పొల్లు, న వరుసగా కొడితే చాలు, ఒకే కీకి రెండూ చేరతాయి.

ఒక కీకి నాలుగు అక్షరాలకు మించి పట్టవు. పొల్లు కూడా ఒక అక్షరమే. కాబట్టి "్ట్ర" పడుతుంది (పొల్లు, ట, పొల్లు, ర), "ష్ట్ర" పట్టదు. "రాష్ట్రం" ఎక్కువగా రాసేవాళ్లు ష మామూలుగా కొట్టి, ్ట్ర కోసం ఒక కీ పెట్టుకోవచ్చు.

వత్తు ఒంటరిగా ఉన్నప్పుడు దాని పక్కన చుక్కల వలయం కనిపిస్తుంది. అది తెర మీది బొమ్మ మాత్రమే, ఖంగారు పడకండి. కానీ ఎక్కడినుంచైనా కాపీ చేసి అతికిస్తే ఆ వలయం నిజంగా అక్షరంగా వచ్చి కూర్చునే ప్రమాదం ఉంది. అప్పుడు ప్రతి వత్తుకూ చుక్కల వలయం పడుతుంది. అందుకే అతికించకుండా కొట్టమంటున్నాను.

కనబడని అక్షరాన్ని కొట్టలేరు కనుక దాని సంకేతం ఇవ్వాలి. ఇంగ్లీషులో పెద్ద యూ, ప్లస్ గుర్తు, 200, పెద్ద సీ, మధ్యలో ఖాళీ లేకుండా మొత్తం ఆరు.

5. బిగించేముందు పరీక్షించండి

ప్రాజెక్ట్ మెనూలో "వ్యాలిడేట్ లేఅవుట్" నొక్కండి. వచ్చేవాటిలో హెచ్చరికలు వేరు, తప్పులు వేరు. పాత కోడ్‌పేజీలో ఈ అక్షరాలు లేవన్న తరహా హెచ్చరికలను వదిలేయొచ్చు. తప్పు అని చూపిస్తే మాత్రం సరిచేయాల్సిందే.

తర్వాత "టెస్ట్ కీబోర్డ్ లేఅవుట్". ఆ కిటికీలో కింది మాటలు కొట్టండి:

అన్నం, ఇల్లు, కొత్త, చెప్పు, అక్క, నవ్వు, క్షేత్రం, జ్ఞానం, కృష్ణ, స్త్రీ, రాష్ట్రం, దుఃఖం, ఋణం, హైదరాబాద్‌లో, ఫేస్‌బుక్

ఇవన్నీ సరిగ్గా వస్తే మీరు మార్చిన కీలూ, మార్చని కీలూ రెండూ బాగున్నట్టే.

6. తయారుచేసి, ఇన్‌స్టాల్ చేయండి

ప్రాజెక్ట్ మెనూలో "బిల్డ్ డీఎల్ఎల్ అండ్ సెటప్ ప్యాకేజ్". ఒక ఫోల్డర్ తయారవుతుంది. అందులోని సెటప్ ఫైల్ నడపండి. ఒకసారి లాగౌట్ అయి రండి. తర్వాత సెట్టింగ్స్‌లో భాషల దగ్గర తెలుగు ఆప్షన్స్ తెరిచి కీబోర్డుల జాబితాలో మీది ఉందో చూడండి, లేకపోతే అక్కడే చేర్చండి. విండోస్ కీ, స్పేస్ నొక్కి మార్చుకోవచ్చు. మామూలు తెలుగు కీబోర్డును అప్పుడే తీసేయకండి. ఇంగ్లీషును డిఫాల్ట్‌గా ఉంచండి, లేకపోతే పాస్‌వర్డ్ దగ్గర తెలుగు పడి టెన్షన్ పెడుతుంది.

అందరికీ ఎదురయ్యే ఇబ్బందులు

మార్పు చేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా పాతదే వస్తోంది. అన్నిటికంటే ఎక్కువగా వినే ఫిర్యాదు ఇది. పాతదాన్ని ముందు తీసేయాలి. ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో మీరు రాసిన వివరణ పేరుతో కనిపిస్తుంది. తీసేసి, కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, కొత్తది ఎక్కించండి. పేరు చివరి అంకె మార్చి బిల్డ్ చేస్తే ఏది పాతదో ఏది కొత్తదో తికమక ఉండదు.

వర్డ్‌లో మాత్రమే పనిచేయడం లేదు. విండోస్‌కి కుడి ఆల్ట్ అంటే కంట్రోల్, ఆల్ట్ కలిపి నొక్కినట్టే. వర్డ్‌లో కంట్రోల్, ఆల్ట్, డి అంటే ఎండ్‌నోట్. కంట్రోల్, ఆల్ట్, ఎస్ అంటే కిటికీని రెండుగా చీల్చడం. మన ్క, ్త వీటితో ఢీకొనవచ్చు. వర్డ్ ఆప్షన్స్‌లో "కస్టమైజ్ రిబ్బన్", దాని కింద కీబోర్డ్ షార్ట్‌కట్స్ పక్కన "కస్టమైజ్" తెరిచి ఆ షార్ట్‌కట్ తీసేయండి. ఆ షార్ట్‌కట్ మీకు కావాలంటే వత్తును వేరే కీకి మార్చుకోండి.

బ్యాక్‌స్పేస్ నొక్కితే సగమే పోతోంది. ్న ఒక్క నొక్కుతో వచ్చినా లోపల రెండు అక్షరాలు. ఒకసారి బ్యాక్‌స్పేస్ కొడితే న పోయి పొల్లు మిగులుతుంది. రెండుసార్లు కొట్టండి. ఇది లోపం కాదు, మార్చడానికీ లేదు.

ఎదుటివాళ్లకు సరిగ్గా కనిపిస్తుందా? కనిపిస్తుంది. మీ లేఅవుట్ మీ వేళ్లకు మాత్రమే సంబంధించింది. పడేది మామూలు యూనికోడ్ తెలుగే.

ఫలితం సరిచూడటం

కంటికి బాగున్నంత మాత్రాన సరిగ్గా ఉన్నట్టు కాదు. తెలుగు అంకె సున్నా ౦, అనుస్వారం ం చూడటానికి దాదాపు ఒకటే. అంకె పడితే మాట బాగానే కనిపిస్తుంది, వెతికితే మాత్రం దొరకదు. ృ బదులు ్రు పడినా అంతే, వెతికితే దొరకదు. అనుమానం వచ్చిన చోట వర్డ్‌లో అక్షరం తర్వాత కర్సర్ పెట్టి, ఇంగ్లీషు కీబోర్డుకి మారి, ఆల్ట్, ఎక్స్ నొక్కండి. సంకేతం కనిపిస్తుంది, మళ్లీ నొక్కితే అక్షరం తిరిగొస్తుంది. అనుస్వారమైతే చివర 02 ఉంటుంది, అంకె సున్నా అయితే 66. కనబడని అక్షరానికి 200 తర్వాత సీ.

కొత్త లేఅవుట్‌తో రాసిన మొదటి పేజీ మొత్తాన్ని నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో పెట్టి తెలుగు అంకె ౦ కోసం ఒకసారి వెతకండి. మీరు కావాలని వాడనప్పుడు లెక్క సున్నా రావాలి.

వేగం గురించి మొదటి వారం పట్టించుకోవద్దు, అది తగ్గే తీరుతుంది. క్రియేటర్ ఫైల్ మెనూలో లేఅవుట్‌ను బొమ్మగా సేవ్ చేసే వీలుంది. దాన్ని ప్రింట్ తీసి తెర పక్కన అంటించుకోండి, కీల మీద స్టిక్కర్లు మాత్రం వద్దు. స్టిక్కర్ ఉంటే కళ్లు కిందికే పోతాయి. రెండు వారాలు గడిచాక మొదట చేసినట్టే పది నిమిషాల గీతల లెక్క మళ్లీ వేయండి. కొత్తగా పెట్టిన కీ దగ్గర ఇంకా గీతలు పడుతుంటే దాన్ని తీసేయండి, మొహమాటం అక్కర్లేదు. కేఎల్‌సీ ఫైల్ తెరిచి, మార్చి, అంకె పెంచి, మళ్లీ బిల్డ్ చేయడమే.

మ్యాక్, లినక్స్ వాళ్లకు

మ్యాక్‌లో ఇదే పనికి యుకెలేలే అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. తయారైన ఫైల్‌ను మీ లైబ్రరీలోని "కీబోర్డ్ లేఅవుట్స్" ఫోల్డర్‌లో పెట్టి, లాగౌట్ అయి వస్తే ఇన్‌పుట్ సోర్సుల్లో కనిపిస్తుంది. లినక్స్‌లో కీబోర్డు అమరికలుండే ఎక్స్‌కేబీ ఫైళ్లు మార్చుకోవాలి. భారతీయ భాషలన్నీ ఒకే ఫైల్‌లో ఉంటాయి కాబట్టి, ముందు కాపీ తీసుకుని తెలుగు భాగంలో మాత్రమే చెయ్యి పెట్టండి. కానీ ఎక్స్‌కేబీలో ఒక కీకి సాధారణంగా ఒక అక్షరమే ఇస్తారు. కాబట్టి సున్న, ొ, కనబడని అక్షరం వరకు అక్కడ సులువు. రెండేసి అక్షరాల వత్తుల కీలు కావాలంటే లినక్స్‌లోనూ కీమ్యాన్ పెట్టుకోవడమే మేలు.

వేరే విండోస్ కంప్యూటర్‌కి మీ లేఅవుట్ తీసుకెళ్లాలంటే సెటప్ ఫైల్ ఒక్కటే కాకుండా ఫోల్డర్ మొత్తం కాపీ చేయండి. డిజిటల్ సంతకం లేని ఫైల్ కాబట్టి విండోస్ హెచ్చరిక చూపించవచ్చు. మీరు స్వయంగా తయారుచేసిందే కనుక ముందుకెళ్లండి. తెలియనివాళ్లు పంపిన లేఅవుట్ అయితే సెటప్ నడపకుండా, కేఎల్‌సీ ఫైల్ అడిగి తీసుకుని మీ దగ్గరే బిల్డ్ చేసుకోండి.